చిన్నాన్న కాలికి తెలిసింది



పోయిన ఆదివారం మిరప కూలీల గురించి రాశాక ఒక తమ్ముడు ఇన్‌బాక్స్‌లో అడిగాడు: "అన్నా, కూలీల ట్రాక్టర్ బోల్తా పడిన ప్రతిసారీ 'డ్రైవర్ నిర్లక్ష్యం' అనే ఎందుకు రాస్తారు?" రెండు ముక్కల్లో జవాబు రాద్దామని మొదలుపెట్టి చెరిపేశాను. నా దగ్గర దానికొక కథ ఉంది. అందులో నేను చేసిన తప్పు కూడా ఉంది కాబట్టి ఇన్నాళ్లూ రాయలేదు. ఈ వారం అదే. కొంచెం ఆయిలు మరకలు అంటుతాయి, ఓపిక పట్టండి.

2015. సంక్రాంతి వెళ్లిన రెండో వారం. నేను బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరంలో ఉన్నాను. మా పేటలో ఇంజనీరింగ్ గడప తొక్కిన మొదటివాణ్ని. ఫీజు రీయింబర్స్‌మెంట్ లేకపోతే ఆ గడప కూడా తొక్కేవాణ్ని కాదు. ఆ మూడేళ్లలో రికార్డు పుస్తకాల్లో ఇంజన్ బొమ్మలు ఎన్ని గీశానో లెక్కలేదు. చేత్తో పానా పట్టింది మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఊరికొస్తే నేను 'ఇంజనీరు'నే. ఫ్యాను తిరక్కపోయినా నన్నే పిలిచేవాళ్లు.

మా చిన్నాన్న నాలుగో తరగతితో బడి మానేశాడు. ఊళ్లో ఒక ఆసామి దగ్గర పద్దెనిమిదేళ్లుగా ట్రాక్టర్ డ్రైవరు. ఆసామి కొడుకు నా ఈడువాడు, చిన్నాన్నని "ఏరా" అనేవాడు. చిన్నాన్న వాణ్ని "చిన్నయ్యగారూ" అనేవాడు. బండి 45 హార్స్ పవర్‌ది, అప్పటికి రెండేళ్ల కిందట కొన్నది. బండితోపాటు కంపెనీవాళ్లు ఒక మాన్యువల్ ఇస్తారు కదా, అది ఆసామి ఇంట్లో బీరువాలో ఉండేది, ప్లాస్టిక్ కవరు కూడా చింపకుండా. బండి నడిపేవాడు ఆ పుస్తకాన్ని చూళ్లేదు. పుస్తకం ఉన్న ఇంట్లోవాళ్లు బండి ఎక్కరు.

ఆ ఏడు దుక్కుల్లోనే బండి లిఫ్టు బలహీనపడింది. రోటవేటర్‌ని ఎత్తితే సగం దాకా లేచి ఆగేది. ఎత్తిన గొర్రు నిమిషం తిరక్కముందే మెల్లగా కిందికి జారిపోయేది. పండగ వెళ్లాక టౌను నుంచి మేస్త్రిని పిలిపించారు. ఆయన లోపల ఓరింగులు మార్చాడు, ఫిల్టరు మార్చాడు, పాత ఆయిలు దించేసి కొత్తది పోశాడు. లిఫ్టు పైకి ఎగిరి కూచుంది. ఆసామి సంతోషపడ్డాడు.

మూడో రోజు రాత్రి చిన్నాన్న హాస్టల్‌కి ఫోన్ చేశాడు.

"అబ్బాయ్, బ్రేకు తొక్కితే బండి ఏడుస్తందిరా."

ఏడవడం అంటే ఏంటని అడిగాను. తొక్కగానే వెనకాల నుంచి గీ... అని కూత. కాలి కింద పెడలు వణుకుతుంది. తొక్కిన తర్వాత కాసేపు ఏమీ పట్టదు, తర్వాత ఒక్కసారిగా పట్టి వదులుతుంది. "కొట్టం కాడ తొక్కితే తుమ్మచెట్టు రాకముందే ఆగేది. ఇప్పుడు చెట్టు దాటి ఆగతంది" అన్నాడు. ఇంతకన్నా చక్కగా ఒక లోపాన్ని వర్ణించడం నేను ఏ టెక్స్ట్‌బుక్కులోనూ చూళ్లేదు. కూత, వణుకు, ఆలస్యం, దూరం, ఎప్పటి నుంచి మొదలైందో ఆ రోజు. అన్నీ చెప్పాడు.

నేనేమన్నానో తెలుసా? "ఎయిర్ పట్టింది చిన్నాన్నా. ఆయిలు మార్చేటప్పుడు లైన్లోకి గాలి పోయుంటది. బ్లీడింగ్ చేయించు, సరిపోద్ది."

అంతకు ముందు సెమిస్టర్‌లోనే ఆటోమొబైల్ పేపర్ రాశాను. కారు హైడ్రాలిక్ బ్రేకు మీద పది మార్కుల ప్రశ్న.

చిన్నాన్న ఒక్క క్షణం ఆగి, "గాలి పోడానికి దీనికి గొట్టం ఏదిరా? రాడ్డేగా ఉంది?" అన్నాడు.

నేను నవ్వాను. "లోపల ఉంటదిలే చిన్నాన్నా, నీకు కనపడదు."

ఆయన మళ్లీ మాట్లాడలేదు. ఇంజనీరు చెప్పాడు కదా. మర్నాడు ఆసామికి చెబితే ఆయన కూడా అదే ధోరణి. "లిఫ్టు బాగైందా లేదా? కొత్త ఆయిలు, సర్దుకుంటది. అవతల కాయ పండి ఎండిపోతంది, కూలోళ్లని తీసుకెళ్లు." ఆసామి మాటకీ నా మాటకీ తేడా ఏంటో అప్పట్నుంచీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఇద్దరం ఆయన కాలు చెప్పిన మాట వినలేదు.

గురువారం పొద్దున ఆరున్నరకి ట్రక్కులో ఇరవై ఇద్దరు ఆడవాళ్లు. మాల, మాదిగ పల్లెల వాళ్లే అందరూ. కాలవ కట్ట మీద కొంత దూరం పోయాక చేలోకి దిగే దారి ఏటవాలుగా ఉంటుంది, చివర్లో మలుపు. ట్రక్కుకి సొంత బ్రేకులుండవు. మా వైపు ట్రక్కుల్లో బ్రేకున్నది నేను ఇంతవరకూ చూళ్లేదు. మనుషులతో నిండిన ట్రక్కు దిగుడులో వెనక నుంచి ట్రాక్టర్‌ని తోస్తుంది. ఆపాల్సిందంతా ట్రాక్టర్ వెనక చక్రాల బ్రేకులే.

చిన్నాన్నకి బ్రేకు మీద నమ్మకం లేదు కాబట్టి కట్ట మీదే లో గేరులో వేసుకుని దిగాడు. మలుపు దగ్గర గొర్రెలు అడ్డమొచ్చాయి. తొక్కాడు. కూత వచ్చింది, బండి ఆగలేదు. కొత్త డ్రైవరైతే కంగారులో క్లచ్ కూడా తొక్కేవాడు. తొక్కితే ఇంజన్ పట్టు తప్పి బండి ఇంకా వేగంగా జారిపోతుంది. చిన్నాన్న క్లచ్ జోలికి పోలేదు. మలుపు తిప్పకుండా నేరుగా పక్కనున్న దున్నిన చేలోకి వదిలాడు. ట్రాక్టర్ మెత్తటి మట్టిలో దిగబడి ఆగింది. ట్రక్కు ఒక పక్కకి లేచి కట్టకి ఆనుకుని నిలబడింది. బోల్తా పడలేదు. ఆడవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. మా పెద్దమ్మకి మణికట్టు విరిగింది. సెలవుల్లో కూలికొచ్చిన ఇంటర్ పిల్లకి ముందు పళ్లు రెండు పోయాయి.

మధ్యాహ్నానికల్లా ఊరంతా ఒకటే మాట. "తాగి నడిపాడంట."

చిన్నాన్న తాగడని నేననను. సాయంత్రాలు తాగేవాడు. పొద్దున ఆరున్నరకి, ఆడవాళ్లు ఎక్కిన బండి మీద తాగడు. ఆ ట్రక్కులో మా పిన్ని కూడా ఉంది.

ఆసామి మనుషులు ఇంకో మాట కూడా అన్నారు: "మేం ఎక్కించుకోమన్లేదు, వాడే ఎక్కించాడు." ఈ రెండో మాట ఎందుకొస్తుందో యాక్టివిస్టులు తెలుసుకోవాలి. ట్రాక్టర్ ట్రక్కు సరుకు కోసం, మనుషుల కోసం కాదు. సరుకు బండిలో ఊరికే ఎక్కిన మనిషికి బీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు ఆశారాణి కేసులో చెప్పింది. కాబట్టి దెబ్బ తగిలితే పరిహారం ఓనర్ జేబు నుంచి రావాలి. ఓనర్ బయటపడాలంటే 'నాకు తెలియకుండా డ్రైవర్ ఎక్కించాడు' అనాలి. ఇక క్రిమినల్ కేసంటే అప్పటి ఐపీసీలో 279 ర్యాష్ డ్రైవింగు, ఎముక విరిగితే 338. రెండూ స్టీరింగ్ పట్టుకున్నవాడి మీదే. ఆయిలు పోయించినవాడి పేరు ఎఫ్ఐఆర్ దాకా రాదు. తమ్ముడూ, నీ ప్రశ్నకి సగం జవాబు ఇక్కడుంది.

కేసు దాకా పోలేదు. ఆదివారం సాయంత్రం పెద్దమనుషుల్లో పెడతామన్నారు. ఆసుపత్రి ఖర్చు చిన్నాన్న జీతంలో కోస్తారనీ, బండి రిపేరు కూడా ఆయన మీదే వేస్తారనీ ముందే తెలిసిపోయింది. నేను శనివారం రాత్రి బస్సెక్కాను.

ఆదివారం తెల్లారి చిన్నాన్న, నేను బండి దగ్గరికెళ్లాం. ఆసామి ఎగతాళిగానే, "చూసుకోండిరా, మీ ఇంజనీరుందిగా" అన్నాడు. నేను టార్చి పట్టుకుని బండి కిందికి దూరాను. పెడలు దగ్గర నుంచి వెనక దాకా చూశాను. రాడ్లు, పిన్నులు, స్ప్రింగులు. ఒక్క గొట్టం లేదు, మాస్టర్ సిలిండర్ లేదు. ఇది పూర్తిగా మెకానికల్ బ్రేకు. గాలి పట్టే చోటే లేదు. నాలుగు రోజుల కిందట చిన్నాన్న ఫోన్లో చెప్పింది అక్షరాలా అదే.

బయటికొచ్చాను. ఆయన ఏమీ అనలేదు. "గొట్టం కనపడిందా?" అని కూడా అడగలేదు. అడిగుంటే బాగుండేది.

అప్పుడు ఆయన చెబుతుంటే నేను చేశాను. ముందు రెండు పెడళ్లు. ట్రాక్టర్‌కి కుడి వెనక చక్రానికొకటి, ఎడమదానికొకటి విడిగా ఉంటాయి. చేలో మలుపు తిప్పడానికి ఒక్కదాన్నే తొక్కుతారు, రోడ్డెక్కితే రెండిటినీ కలిపి లాకు వేయాలి. ఆ రోజు లాకు వేసే ఉంది, ఇంకా అలాగే ఉంది. పెడలు ప్లే నా పెన్సిల్ బాక్సు స్కేలుతో కొలిచాం. రెండు వైపులా దాదాపు సమానం. ఒక వైపు వదులుగా ఉంటే బండి ఒక పక్కకి లాగుతుంది. ఇది లాగలేదు. చేలో చక్రాల జాడలు చూపించాడు, రెండూ ఒకే తీరున తిరుక్కుంటూ పోయాయి. అంటే లోపం ఒక వైపుది కాదు, రెండు వైపులకీ ఒకేసారి వచ్చింది. రెండు వైపులకీ ఉమ్మడిగా ఉన్నదేంటి?

"ఆయిలేరా" అన్నాడు చిన్నాన్న.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, మీ ఇళ్లల్లోనూ డ్రైవర్లుంటారు. ఇప్పటి ట్రాక్టర్లు చాలావాటిలో బ్రేకు ప్లేట్లు వెనక హౌసింగులో ఆయిల్లోనే మునిగి ఉంటాయి. గేర్లకీ, లిఫ్టుకీ, బ్రేకులకీ అదే ఆయిలు, బండిని బట్టి ముప్పై లీటర్ల నుంచి అరవై దాకా పడుతుంది. అందుకే లిఫ్టు బాగుచేయిస్తే బ్రేకు పాడయ్యే విచిత్రం జరుగుతుంది. పాత బళ్లలో బ్రేకు పొడిగా ఉండేది, ఆయిలు తగలకూడదు. వాటిలో ఆయిలు ఎక్కువ పోస్తే, సీలు కూడా అరిగి ఉంటే, ఊరి లైనింగు మీద పడుతుంది. తడిసిన లైనింగు పట్టదు, తుడిస్తే మళ్లీ మామూలవదు, మార్చాల్సిందే. కొన్ని బళ్లలో నిజంగానే గొట్టాలతో నడిచే బ్రేకుంటుంది. వాటిలో పెడలు మెత్తగా దిగిపోయి, రెండుమూడుసార్లు కొడితే గట్టిపడితే అది గాలి. అప్పుడు బ్లీడింగ్. కాబట్టి మొదటి ప్రశ్న ఎప్పుడూ, నీ బండికి ఏ బ్రేకు? నేను అడగని ప్రశ్న.

గేజి పుల్ల తీసి చూస్తే ఆయిలు గీతకి రెండు వేళ్లు పైనుంది. చిన్నాన్నకి కారణం వెంటనే తట్టింది. మేస్త్రి ఆయిలు పోసిన రోజు ట్రక్కు తగిలించే ఉంది, తొట్టి పైకెత్తి ఉంది. తొట్టిని ఎత్తే జాకీలోకి ఆయిలు ట్రాక్టర్ నుంచే పోతుంది. ఎత్తి ఉన్నప్పుడు గీత దాకా పోస్తే, దించాక జాకీలో ఆయిలంతా వెనక్కొచ్చి గీత దాటుతుంది. తొట్టీ లిఫ్టూ దించి, బండి చదునైన నేల మీద పెట్టి చూడాలి. అదే ట్రక్కుని పక్క ఆసామికి బదులిస్తే ఆయన బండి ఆయిలు కూడా మన బండిలోకి వస్తుందని చిన్నాన్న చెప్పాడు. ఇది నాకు ఏ క్లాసులోనూ ఎవరూ చెప్పలేదు. కానీ ఆయిలు ఎక్కువైనంత మాత్రాన మునిగి ఉన్న బ్రేకు అంతలా కూయదు. అసలు సంగతి వేరే ఉంది.

డ్రెయిన్ ప్లగ్గు కొంచెం వదులు చేసి నీళ్ల సీసాలోకి పావు లీటరు పట్టాం. చిన్నాన్న వేలితో రాసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఇది లారీ వాసన." గంధకం ఘాటు. నాకూ తెలిసింది.

ఆ సీసా పట్టుకుని టౌనుకెళ్లాను. మేస్త్రి పెద్దాయన, నమాజుకి వెళ్లబోతూ ఆగాడు. సీసా చూడగానే ఆయన మొహం మారింది. "నేను రాసిచ్చింది ఇది కాదు తమ్ముడూ. ఆయన ఇంట్లో లారీకి తెచ్చిన 90 ఆయిలు డబ్బా ఉంది. అది పోసి మిగతాది కొత్తది పొయ్యమన్నాడు. పాత బండికి ఇదే పోశాంగా అన్నాడు." ఆసామి అన్నది అబద్ధం కాదు. పాత బండిది పొడి బ్రేకు, దాని గేర్లకి ఈపీ 90 సరిపోయేది. కొత్త బండికి ఆ లెక్క చెల్లదు.

మేస్త్రి రెండు అరచేతులు ఒకదానిమీదొకటి పెట్టి రుద్ది చూపించాడు. "తడి బ్రేకుకి ఆయిలు జారాలి, చల్లబరచాలి. కానీ ప్లేట్లు కలిసే చోట పట్టనియ్యాలి. దానికి మందు కలిపిన ఆయిలు వేరే ఉంటది. గేరాయిలుకి ఆ మందు లేదు. ప్లేట్లు జారి, పట్టి, జారి, పట్టి కూస్తాయి. వణుకు అదే." డబ్బా మీద యూటీటీఓ అని ఉంటుంది, యూనివర్సల్ ట్రాక్టర్ ట్రాన్స్‌మిషన్ ఆయిల్. లేదా బండి కంపెనీ చెప్పిన సొంత రకం. అది తప్ప వేరేది వద్దు అన్నాడు.

"సాయంత్రం వచ్చి ఈ మాట చెబుతారా?" అని అడిగాను.

చాలాసేపు ఊరుకున్నాడు. "మీ ఊళ్లో నాకు ముప్పై బళ్లున్నాయి తమ్ముడూ." నాకు కోపమొచ్చింది. ఇప్పుడు అంత కోపం లేదు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి అన్నాడు, "ఆ డబ్బా గొడ్లచావిడి వెనకే పడేశారు."

ఆసామి గొడ్లచావిడి ఊడ్చేది మా పిన్నే. చెబితే చాలు, పేడ తట్టలో అడుగున పెట్టి పైన పేడ కప్పుకుని ఊరి మధ్యలోంచి తెచ్చేసింది. కడిగితే లేబులు శుభ్రంగా కనపడింది.

పంచాయితీ గంటన్నర సాగింది. చాలా భాగం చిన్నాన్న తాగుడు గురించే. నేను సీసా, డబ్బా ముందు పెట్టి ఒకటే అడిగాను: "బండి పుస్తకం తెప్పించండి." కాసేపు గొణిగారు. చివరికి ఆసామి కొడుకు తెచ్చాడు. కవరు అప్పుడు చింపారు. ఆయిళ్ల పట్టిక ఉన్న పేజీ తీసి చదివాను, ఇంగ్లీషులోదాన్ని తెలుగులో చెప్పాను. డబ్బా మీదున్నది ఆ పట్టికలో లేదు. ఒక పెద్దమనిషి నవ్వి, "ఇంగ్లీషు బానే చదువుతున్నారే" అన్నాడు. అది మెచ్చుకోలో కాదో నాకు తెలుసు, మీకూ తెలుసు.

కానీ ఆ పూట పంచాయితీని తిప్పింది నా ఇంగ్లీషు కాదు. పెద్దమ్మ. విరిగిన చెయ్యి కట్టుతో లేచి, "వాడు తాగుంటే ఆ మలుపులో మేం ఇరవై ఇద్దరం కాలవలో ఉండేవాళ్లం. వాసన మాకు తెలవదా? ఇళ్లల్లో మొగుళ్లు లేరా మాకు?" అంది. అందరూ నవ్వారు, ఆసామి తప్ప. ఆసుపత్రి ఖర్చు ఆసామి పెట్టుకున్నాడు. ఇంటర్ పిల్ల పళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కూడా ఎత్తలేదు, అప్పుడు గుర్తు రాలేదు. ఇది కూడా రాయాలనిపించింది.

సరైన ఆయిలు పోస్తే వెంటనే బాగవుతుందనుకున్నాను. అవలేదు. మొత్తం దించి, కొత్త ఫిల్టరు వేసి, కొత్త ఆయిలు పోసినా కూత తగ్గిందే గానీ పోలేదు. ప్లేట్లు మెరుగెక్కిపోయాయని, విప్పి మార్చాలని మేస్త్రి చెప్పాడు. మార్చాక తుమ్మచెట్టు రాకముందే ఆగింది. నేను కొట్టం దగ్గర నిలబడి చూశాను.

ఆ బండి మీద చిన్నాన్న ఉగాది దాకానే ఉన్నాడు. ఆసామి మానెయ్యమనలేదు, పిలవడం మానేశాడు. తర్వాత రెండేళ్లు వరికోత మిషన్ల వెంట తిరిగాడు. ఆయనకి నేను క్షమించమని చెప్పింది చాలా ఆలస్యంగా, మొన్న పోయినేడు. "దేనికిరా?" అన్నాడు. గొట్టం సంగతి చెబితే గుర్తు లేదన్నాడు. గుర్తుందని నాకు తెలుసు.

ఆ మరుసటి ఏడు కోతలకి అదే బండికి కొత్త డ్రైవరొచ్చాడు, మాదిగ పల్లె కుర్రాడు, ఇరవై కూడా లేవు. పొద్దున్నే ట్రక్కు మా పేట మీదుగా పోతూ ఆగింది. పెద్దమ్మ వంకర మణికట్టుతోనే పైకి చెయ్యందించి ఎక్కింది. చిన్నాన్న అరుగు మీద నుంచి లేచి వెళ్లి ఆ కుర్రాడి పక్కన నిలబడ్డాడు.

"దిగుడులో క్లచ్ తొక్కమాక" అన్నాడు. "కట్ట మీదే గేరు మార్చుకో. ఎప్పుడన్నా కూసిందంటే బండి ఆపి నా దగ్గరికి రా, ఆళ్ల దగ్గరికి కాదు."